మల్లెని చంపేది చలి కాదు, మనమే

చికాగోలో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికెళ్ళినా ఈ మాట వినాల్సిందే: "మల్లె మొక్కా? ఇక్కడ బతకదండీ, చలి దేశం కదా!" పోయిన వారం ఒకాయన నాలుగో మొక్క కూడా పోయిందన్నారు, వచ్చే మే లో ఐదోది కొంటారట. అదే కోడ్ నాలుగుసార్లు క్రాష్ అయితే తప్పు సర్వర్ దే అంటే మన ఆఫీసులో ఎవరన్నా ఊరుకుంటారా?

మల్లె మంచుకి ఆగదు, ఒప్పుకుంటా. ఇక్కడ నేలలో పాతితే నీళ్ళు గడ్డకట్టే మొదటి రాత్రులకే సరి. కానీ ఈయన మొక్క మంచులో లేదే! సుబ్బరంగా లివింగ్ రూమ్ లో, హీటర్ గాలి తగిలే మూల, 72 డిగ్రీల్లో (ఫారన్‌హీటే లెండి) ఉంది. చలే తగలని మొక్క చలికెలా చచ్చింది మాస్టారూ?

జరిగేది ఇదీ. అక్టోబర్ లో కుండీ లోపలికి తెస్తాం. ఎండ ఒక్కసారిగా తగ్గేసరికి కొన్ని ఆకులు పండి రాలిపోతాయి. అది దాని సర్దుబాటు. మనకేమో కంగారు.. "అయ్యో, ఎండిపోతోంది" అని రోజూ ఓ గ్లాసు నీళ్ళు. ఆకులూ తక్కువ, వెలుతురూ తక్కువ, ఆ నీళ్ళు తాగేదెవరు? వేర్లు కుళ్ళుతాయి. వేర్లు కుళ్ళితే ఇంకాసిని ఆకులు రాలతాయి, మనం ఇంకో గ్లాసు పోస్తాం! మిగిలిన పని హీటర్ పొడిగాలికి చేరే ఎర్రనల్లి చూసుకుంటుంది.

తమాషా ఏంటంటే, ఇది మనకి తెలియని విద్యేం కాదు. మైలవరం వైపు మల్లెతోటల రైతులు చలికాలంలో నీళ్ళు ఆపేసి కొమ్మలు కత్తిరిస్తారు. ఆ విశ్రాంతి తర్వాతే కొత్త చిగురు, ఆ చిగుళ్ళకే మొగ్గలు. మనం ఇక్కడ డిసెంబర్లో దాన్ని నిద్ర పోనివ్వం, మళ్ళీ జూన్ లో పూయలేదని ఏడుస్తాం.

నాకూ రెండు మొక్కల్ని చంపాకే వచ్చింది ఈ జ్ఞానం. మూడోదానికిది మూడో చలికాలం. రాత్రులు 50 కి దిగకముందే లోపలికి తెస్తా, హాల్లోకి కాదు, దక్షిణం కిటికీ ఉన్న గదిలోకి. అక్కడ హీటర్ గాలి మూసేస్తే 55-60 మధ్య ఉంటుంది. మట్టిలో వేలు రెండు కణుపులు దూర్చి, తడి తగలకపోతేనే నీళ్ళు. వారానికోసారి ఆకుల అడుగున షవర్ తో కడగడం, ఫిబ్రవరి ఆఖర్లో కత్తిరింపు. అంతే. (అది చుట్టాల గది కావడంతో ఇంట్లో జరిగే గొడవ వేరే సంగతి :))

ఇదంతా ఆ పెద్దాయనకి పూస గుచ్చినట్టు చెప్పా. మొత్తం విని, "అంత చలి గదిలో పెడితే పాపం దానికి కష్టం కాదూ?" అన్నారు.