నూనె చుక్కలు, డిప్రెషన్ మాత్రలు: డాక్టరుకు చెప్పకుండా రెండూ కలపవద్దు

గత శ్రమల దినాల్లో ఒక రాత్రి పదిన్నరకు మాకు ఫోను వచ్చింది. మా సంఘంలోనే పెరిగి, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న ఒక తమ్ముడి తల్లి. “అయ్యగారండీ, వాడు సెలవు మీద వచ్చాడు. చేతులు వణుకుతున్నాయి, లేస్తే కళ్ళు తిరుగుతున్నాయంటున్నాడు, పగలంతా మత్తులో ఉన్నట్టు పడుకుంటున్నాడు. ఏదో దురాత్మ పనిలా ఉంది, ఒకసారి వచ్చి ప్రార్థన చెయ్యండి” అని ఏడ్చింది. వెళ్ళాము. ప్రార్థన చేశాము. తర్వాత తల్లిని టీ పెట్టమని వంటింట్లోకి పంపి, ఆ తమ్ముణ్ణి అడిగాము: ఏమేం మందులు వాడుతున్నావు?

పది నెలలుగా ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్ర. అది తల్లికి తెలియదు. మూడు వారాలుగా నిద్ర కోసం రాత్రిపూట నాలుక కింద సీబీడీ నూనె. అది మాత్రలిచ్చిన డాక్టరుకు తెలియదు. నూనె రాసిచ్చిన వైద్యుడు వీడియో కాల్‌లో “ఇంకేమైనా మందులు వాడుతున్నారా” అని అడిగాడట. లేదన్నాడట. ఎందుకలా చెప్పావంటే, “ఆఫీసులో ఉన్నప్పుడు కాల్ వచ్చింది అయ్యగారూ, పక్కన మనుషులున్నారు” అన్నాడు.

ఒకే శరీరంలో రెండు మందులు. ఆ రెండూ తెలిసిన రెండో మనిషి లేడు. ఈ వ్యాసం ఆ తమ్ముడి అనుమతితోనే రాస్తున్నాము.

మరునాడు డాక్టరు దగ్గరికి వెంట వెళ్ళాము. ఆయన ఈసీజీ తీయించి, నూనె ఆపించి, మాత్ర మాత్రం కొనసాగించమన్నాడు. పది రోజుల్లో వణుకు తగ్గింది. నూనె వల్లేనని ఆయన కచ్చితంగా అనలేదు, అయ్యుండవచ్చు అన్నాడు. అలా ఎందుకు అయ్యుండవచ్చో మన యవ్వనస్తులకు తెలియాలి.

మనం మింగే మందుల్లో చాలావాటిని విరగ్గొట్టి బయటికి పంపే పని కాలేయానిది. ఆ పని చేసే ఎంజైముల్లో సీవైపీ 2సీ19 అనేది ఒకటి. ఎస్సిటాలోప్రామ్, సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మాత్రలు చాలావరకు ఆ దారినే పోతాయి. గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీ ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. రేషన్ షాపులో ఒకే కౌంటరు ఉండి, దాని ముందు ఎవరో అడ్డంగా కూర్చుంటే వెనక లైను ఎలా పెరుగుతుందో, మాత్ర కూడా రక్తంలో అలా పేరుకుంటుంది. వేసుకునేది ఒక మాత్రే, ఒంట్లో ఉండేది మాత్రం అంతకంటే ఎక్కువ. ఆస్ట్రేలియా పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ మాత్రలు వాడుతున్న కొద్దిమంది యువతకు సీబీడీ కలిపి ఇచ్చినప్పుడు రక్తంలో సిటాలోప్రామ్ స్థాయి పెరిగింది. అక్కడ వాడిన మోతాదు రోజుకు వందల మిల్లీగ్రాములు. నాలుగు చుక్కల నూనెతో అంత జరగకపోవచ్చు. ఈ మాట కూడా చెప్పకపోతే మేము భయపెట్టినవాళ్ళమవుతాము.

కానీ కొందరికి ఆ కౌంటరు పుట్టుకతోనే నెమ్మదిగా నడుస్తుంది. ఈ ఎంజైము బలహీనంగా ఉండే జన్యువు దక్షిణ భారతీయుల్లో తక్కువేమీ కాదని పుదుచ్చేరిలోని జిప్‌మర్ పరిశోధకులు చూపించారు. యానాం వాళ్ళకు ఆ ఆసుపత్రి కొత్త కాదు. 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సిటాలోప్రామ్ గురించి చెప్పిన జాగ్రత్త కూడా ఇక్కడ సరిపోతుంది: 60 ఏళ్ళు దాటినవారు, ఈ ఎంజైము బలహీనంగా ఉన్నవారు, దాన్ని అడ్డుకునే మందులు వాడేవారు రోజుకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. మించితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. డాక్టరు ఈసీజీ ఎందుకు తీయించాడో ఇప్పుడు అర్థమవుతుంది. ఇక మత్తు సంగతి. డిప్రెషన్ మాత్రల్లో కొన్ని నిద్ర తెప్పిస్తాయి, సీబీడీ కూడా తెప్పిస్తుంది. రెండూ కలిసిన మనిషి పొద్దున్నే బైకు ఎక్కితే ఏమవుతుందో మేము చెప్పనక్కరలేదు. ఇంట్లో మూర్ఛకు క్లోబజామ్, గుండెకు వార్ఫరిన్ వాడే పెద్దలుంటే వారికీ ఇదే జాగ్రత్త.

“అది నేచురల్ కదా అయ్యగారూ” అంటారు. ఉమ్మెత్త కాయ కూడా నేచురలే.

సీబీడీ మోసం అని మేము అనడం లేదు. పిల్లల్లో వచ్చే కొన్ని మొండి మూర్ఛలకు సీబీడీతో చేసిన మందును 2018లో అమెరికా అనుమతించింది. కానీ ఆ మందును కాలేయ పరీక్షలు చేయిస్తూ, మోతాదు లెక్కగట్టి ఇస్తారు. మన ఇంటికి కొరియర్‌లో వచ్చే సీసా అలాంటిది కాదు. 2017లో అమెరికన్ వైద్య పత్రిక ‘జామా’లో వచ్చిన పరిశీలన ప్రకారం, ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ సరుకుల్లో లేబుల్ మీద రాసినంత మోతాదు ఉన్నవి మూడో వంతు కూడా లేవు. 18 సరుకుల్లో మత్తునిచ్చే టీహెచ్‌సీ కూడా దొరికింది. ఆందోళనతో బాధపడే మనిషికి టీహెచ్‌సీ ఆ ఆందోళనను పెంచగలదు.

మన దేశంలో ఈ నూనె ఎలా అమ్ముతున్నారు? 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలని నిర్వచించింది, విడిగా ఉన్న ఆకును వదిలేసింది. ఆ ఆకుతో చేసినవి ‘విజయ’ అనే ఆయుర్వేద పేరుతో వస్తాయి. అయితే ఔషధ నియమాల్లో అది వైద్య పర్యవేక్షణలోనే వాడాలని హెచ్చరిక రాయవలసిన జాబితాలో ఉంది. 2021 నవంబరులో ఆహార భద్రతా సంస్థ అనుమతించిన హెంప్ గింజల నూనె వేరే. అందులో సీబీడీ ఉండీ లేనంత. రెండూ ఒకటే అనుకొని వేలు పోసి కొనేవాళ్ళున్నారు. ఒక మాట పక్కన పెట్టి పోలేము: అదే మొక్క పొట్లంగా దొరికితే మన వాడల కుర్రవాడు, ఆంధ్ర ఒడిశా సరిహద్దు మన్యంలో ఆదివాసీ జైలుకు పోతున్నారు. సీసాలో పోసి పేరు మారిస్తే డిస్కౌంటు కూపన్‌తో ఇంటికి వస్తోంది. దాని సంగతి ఇంకోసారి రాస్తాము.

ఇప్పుడు మా తప్పు. పన్నెండేళ్ళ క్రితం ఒక కూడికలో, మానసిక రోగానికి మాత్రలు మానేశానని సాక్ష్యం చెప్పిన అక్కకు మేమే చప్పట్లు కొట్టించాము. నాలుగు నెలలకు ఆమెను ఆసుపత్రి వార్డులో చూశాము. ఆ రోజు చప్పట్లు విన్న పిల్లల్లో ఈ తమ్ముడూ ఉన్నాడు. మాత్ర సంగతి తల్లికి ఎందుకు చెప్పలేదో అతన్ని అడిగే ముఖం మాకు లేదు. ఏలీయా చెట్టు కింద కూలబడి చావు కోరుకున్నప్పుడు దూత అతని విశ్వాసాన్ని ప్రశ్నించలేదు. తిండి పెట్టి పడుకోనిచ్చాడు. హిజ్కియా పుండుకు అంజూరపు ముద్ద వేయమన్నది సాక్షాత్తు యెషయా ప్రవక్తే. ఇవన్నీ సెమినరీలో చదివి కూడా ఆ చప్పట్లు కొట్టించాము.

భాష ఇంకో అడ్డు. బళ్ళారిలో, షోలాపూరులో, బరంపురంలో, హోసూరులో మనం ఇంట్లో మాట్లాడేది తెలుగు, డాక్టరుతో మాట్లాడేది వచ్చీరాని ఇంకో భాష. కడుపునొప్పి చెప్పగలం. మనసు సంగతి, దానికి తోడు ఈ నూనె సంగతి ఆ భాషలో ఎలా చెప్పాలి? అందుకే మా సంఘంలో ఒక పని మొదలుపెట్టాము. మింగేది, నాలుక కింద వేసేది, పొడి, కషాయం, ఏదైనా సరే డబ్బాలూ సీసాలూ అన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు బల్ల మీద పెట్టమంటున్నాము. మాటలు రాకపోయినా పేర్లు ఆయన చదువుకుంటాడు. తోడు కావాలంటే మేమో, స్త్రీల సమాజం అక్కలో వస్తాము. బయట గదిలోనే కూర్చుంటాము.

ఇప్పటికే రెండూ కలిపి వాడుతున్నవారు ఇది చదివి కంగారుపడి మాత్ర ఆపేయవద్దు. డిప్రెషన్ మాత్ర ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు, పాత జబ్బు తిరగబెట్టడం ఉంటాయి. నూనె సంగతి ఈ వారంలోనే డాక్టరుకు చెప్పండి. గుండె దడ, స్పృహ తప్పినట్టుండటం, జ్వరంతో పాటు వణుకు, విపరీతమైన చెమట, అయోమయం ఉంటే వారం ఆగవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే, లేదా ఎవరితోనూ చెప్పుకోలేకపోతే 14416కు ఫోను చేయండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్. డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఆ తమ్ముడు తల్లికి మాత్ర సంగతి తనే చెప్పాడు, టీ చల్లారిపోయాక. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “అన్నం తిన్నాక వేసుకోవాలా, ముందా?” అని అడిగింది.