వాల్ ఎటు పోయింది?



మొన్న సెలవుల్లో ఊరెళ్లకుండా హాస్టల్లో మిగిలిపోయిన ఆరుగురం కలిసి ‘క్లౌడ్స్ ఆఫ్ సిల్స్ మారియా’ చూశాం. ఫ్రెంచ్ దర్శకుడు ఒలివియే అసాయాస్ తీసిన ఈ సినిమా 2014లో కాన్ పోటీకి వెళ్లింది. ఫ్రెంచ్ సినిమా కదా అని సబ్‌టైటిల్స్ వెతుక్కున్నాం గానీ మాటలు ఎక్కువ ఇంగ్లీషులోనే ఉన్నాయి. గొప్ప సినిమా అని చదివి ఆశతో కూర్చుంటే నిరాశే మిగిలింది. కథ చివరిదాకా చెప్పేస్తున్నాం, చూడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి.

మారియా పేరున్న నటి. ఇరవై ఏళ్ల కింద ఒక నాటకంలో సిగ్రిడ్ అనే అమ్మాయి వేషం వేసి పైకొచ్చింది. సిగ్రిడ్ తన పై అధికారి హెలెనాను మాయలో పడేసి, చివరికి ఆమె బతుకే కూల్చేస్తుంది. ఇప్పుడు అదే నాటకంలో మారియాని హెలెనాగా వెయ్యమంటారు. సిగ్రిడ్ వేషం కొత్త పిల్లకి. మారియాకి అదే మింగుడుపడదు. జూలియెట్ బినోష్ బాగా చేసింది, అందులో వంక లేదు. 1985లో ఆమెకి పేరు తెచ్చిన ‘రాందేవూ’ రచనలో అసాయాస్ చెయ్యి కూడా ఉంది, కాబట్టి ఆమె వయసు గురించి రాసే హక్కు అతనికి ఉందనే అనుకున్నాం.

ఆ బాధ మాకు కొంచెం దూరంగానే అనిపించింది. మన ధింసాలో అవ్వా మనవరాలూ ఒకే వరసలో చేతులు కట్టుకుని అడుగేస్తారు, వయసైందని ఎవరినీ పక్కకి జరగమనరు. అయినా సర్దుకుని చూశాం.

మమ్మల్ని ఆపేసింది వాల్. మారియా అసిస్టెంట్ ఆమె. ఫోన్లు, కారు, టికెట్లు అన్నీ ఆమే చూసుకుంటుంది. స్విస్ కొండల్లోని ఇంట్లో మారియాకి ఎదురుగా కూర్చుని సిగ్రిడ్ మాటలు చదివేదీ ఆమే. తన ఆలోచన చెప్తే మారియా నవ్వేస్తుంది. ఆ పాత్రకి క్రిస్టెన్ స్టీవార్ట్ 2015లో సెజార్ అవార్డు తీసుకుంది, అమెరికన్ నటీమణుల్లో ఆమే మొదటిది. అది న్యాయమే. మరి దర్శకుడు ఏం చేశాడు? మలోయా కనుమలోంచి పాములా జారొచ్చే మబ్బుని చూడ్డానికి ఇద్దరూ కొండెక్కుతారు. మాటా మాటా అనుకుంటారు. వాల్ దిగువకి నడిచి మాయమైపోతుంది. మారియా నాలుగు కేకలేస్తుంది. తర్వాత లండన్, నాటకం రిహార్సల్, పక్కన ఇంకో అసిస్టెంట్. వాల్ ఊసే ఉండదు.

నాటకంలో హెలెనా కూడా ఇలాగే ఎటో నడిచి వెళ్లిపోతుంది, దానికి ఇది అద్దం అని మాలో ఒకడు వాదించాడు. సరే, అద్దమే అనుకుందాం. కానీ అద్దం కోసం ఒక మనిషిని వాడి పారేశారు కదా. మాలో ఒకరి అక్క సిటీలో ఒక ఇంట్లో నాలుగేళ్లు పని చేసి వచ్చేసింది. వారం తిరక్కుండా ఇంకో అమ్మాయి ఆ ఇంట్లో చేరింది. అక్కకి మూడు నెలల జీతం ఇప్పటికీ రాలేదు. వాల్ బతుకూ అక్క బతుకూ ఒకటి కాదు, మాకూ తెలుసు. కానీ ఆ ఖాళీ చోటు నిండిన తీరు మాత్రం మాకు బాగా తెలిసిందే.

ఇంకోటి. ఆ లోయ పాత భాష రొమాన్ష్. దాన్ని స్విట్జర్లాండ్ ప్రజలు 1938లో ఓటేసి జాతీయ భాషగా ఒప్పుకున్నారు. రెండు గంటల సినిమాలో కొండలూ చెరువులూ మబ్బులూ తనివితీరా చూపించారు గానీ, ఆ భాష మాట ఒక్కటీ మా చెవిన పడలేదు. మన్యంలో పాట తీసుకుని వెళ్లిపోయే షూటింగులే గుర్తొచ్చాయి.

మబ్బుల సీను మాత్రం ఇంకోసారి పెట్టుకుని చూశాం. ఈసారి మబ్బుని కాదు, కింద దారిలో వాల్ ఎక్కడైనా కనిపిస్తుందేమోనని.