గాజుతొట్టిలో చిన్న చెరువు

భావనపాడు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం నాలుగు రోజులుగా నా బల్లమీదనే ఉన్నది. ఆవకాయ బూజుపట్టిందనో, పిల్లకు దగ్గు తగ్గలేదనో రాసిన ఉత్తరమైతే ఈపాటికి జవాబు వెళ్ళిపోయేదే. ఇది అటువంటిది కాదు. ఆమె కొడుక్కు తొమ్మిదేళ్ళు. పుట్టినరోజునాడు తండ్రి పట్నంనుంచి గుండ్రని గాజుబుడ్డి ఒకటి, అందులో నాలుగు బంగారు చేపలు తెచ్చి యిచ్చాడట. మూడోనాడు ఒకటి వెల్లకిలా తేలింది. ఆరోనాటికి నాలుగూ పోయాయి. పిల్లవాడు రెండు పూటలు అన్నం ముట్టలేదు. "నేనే సరిగ్గా చూడలేదు, నేనే చంపేశాను" అంటున్నాడట. నాయనమ్మగారేమో, "సముద్రమంత సముద్రం గుమ్మంముందు పెట్టుకుని గాజుబుడ్డిలో చేపలేటిరా! మళ్ళీ తెచ్చారంటే ఊరుకోను" అని తేల్చేశారు. "మళ్ళీ ప్రయత్నించమంటారా, మానెయ్యమంటారా?" అని ఆ తల్లి అడుగుతున్నది.

మానవద్దమ్మా. ముందు అబ్బాయిని దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్క మాట చెప్పండి: ఆ చేపల్ని అతను చంపలేదు, కొత్త నీళ్ళు చంపాయి. కొత్తగా తోడి పోసిన నీళ్ళు శుభ్రంగా ఉంటే చేపకు మంచిదేగదా అని మనం అనుకుంటాం. చేప తిన్నది విసర్జిస్తుంది, ఊపిరితోపాటు కూడా నీటిలోకి అమ్మోనియాను వదులుతుంది. అది విషం. చెరువులో కంటికి కనబడని సూక్ష్మజీవులు దాన్ని పట్టుకుని నైట్రైటుగా, ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు ప్రమాదం, మూడోది మొక్కకు ఎరువు. కొత్త బుడ్డిలో ఆ సూక్ష్మజీవులు లేవు. తోడు వెయ్యని పాలు ఎంతసేపు ఉంచినా పెరుగవుతాయా? ఇదీ అంతే. పైగా ఎండాకాలపు వేడిలోను, ఉప్పు, సున్నం ఎక్కువగా ఉండే క్షారపు నీటిలోను ఆ అమ్మోనియా మరింత పదునెక్కుతుంది. సముద్రపుటొడ్డు ఊళ్ళో పిల్లవాడికి రెండూ ఎదురయ్యాయి, పాపం!

ఈ సంగతి మొదట పట్టుకున్నవారిలో లండన్ రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ ఒకడు. పన్నెండు గాలన్లు పట్టే గాజుపాత్రలో ఇసుక, మట్టి, రెండు చిన్న బంగారు చేపలు, ఒక వాలిస్నేరియా మొక్క వేసి చూశాడు. 1850లో ఆ ప్రయోగాన్ని తోటి శాస్త్రజ్ఞులకు వివరించాడు. మొక్క ప్రాణవాయువు ఇస్తున్నది సరే, కుళ్ళిన ఆకులవల్ల నీరు జిగటగా, మసకగా తయారైంది. అప్పుడు అయిదారు చెరువు నత్తలను దింపాడు. అవి కుళ్ళును తినేశాయి, వాటి గుడ్లు చేపలకు ఆహారమయ్యాయి. సూక్ష్మజీవుల సంగతి ఆయనకు తెలియదు. ఆ పని చేసే జీవులను వినోగ్రాడ్‌స్కీ వేరుచేసి చూపించింది 1890 ప్రాంతంలో. అబ్బాయికి ఈ కథ చెప్పండి. అంతటి పెద్దమనిషికీ మొదటిసారి నీళ్ళు మురిగాయన్నమాట!

ఇక పని. గుండ్రని బుడ్డిని ఏ గవ్వలు దాచుకోవడానికో వాడుకోండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల గాజుతొట్టి తెప్పించండి. దాదాపు 54 లీటర్లు పడుతుంది. వారింగ్టన్‌గారి పన్నెండు గాలన్లూ రమారమి ఇంతే! నీరు, ఇసుక, గాజు కలిసి 70 కిలోల బరువు దాటుతుంది గనక ఊగే స్టూలు మీద పెట్టవద్దు. కిటికీ ఎండ తిన్నగా పడేచోట కూడా వద్దు. నీరు వేడెక్కుతుంది, పాచి కమ్ముకుంటుంది.

ఇసుక దగ్గర మీరు పొరపాటు పడే అవకాశం ఉన్నది. ఇంటి ముందే ఇసుక ఉండగా డబ్బు పెట్టి కొనడమెందుకు అనిపిస్తుంది. సముద్రపు ఇసుకలో ఉప్పూ, గుల్లల పొడీ ఉంటాయి. అనుమానముంటే చిటికెడు ఇసుకమీద వినిగరు చుక్క వెయ్యండి. బుసబుస పొంగితే అందులో సున్నం ఉన్నట్టే. వంశధార ఇసుక బస్తా తెప్పించి, కడిగిన నీరు తేటపడేదాకా కడగండి. అడుగున అంగుళం మందాన జల్లించిన తోటమట్టి (పెంట వేసింది కాదు సుమా), దానిపైన అంగుళమున్నర ఇసుక.

నీరు: మీ బావినీరు నోట్లో పోసుకుంటే ఏమాత్రం ఉప్పగా తగిలినా, తాగడానికి కొనే శుద్ధినీరు సగం కలపండి. శుద్ధినీరొక్కటే పొయ్యవద్దు, అందులో లవణాలు మరీ తక్కువ. పంచాయతీవారు బ్లీచింగు పొడి కలిపిన నీరైతే వెడల్పు గంగాళంలో రెండురోజులు ఆరుబయట ఉంచండి. తొట్టిలో నీరు తగ్గినప్పుడల్లా బావినీరే పోస్తూ పోతే ఏమవుతుందో తెలుసునా? మీ పొరుగునున్న నౌపడా ఉప్పుమడుల్లో జరిగేదే. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగిలిపోతుంది. అందుచేత తగ్గిన నీటికి బదులు వాననీరో, శుద్ధినీరో పొయ్యండి. వారానికొకసారి పావువంతు నీరు తీసేసి, కలిపి ఉంచిన కొత్తనీరు పోస్తుండండి. తీసిన నీరు గులాబీ మొక్కకు పోస్తే సరి.

మొక్కలకు మొదట వాలిస్నేరియా, హైడ్రిల్లా చాలు. రిబ్బనులాంటి పొడవాటి ఆకులది మొదటిది. రెండోది మన చెరువుల్లో గుత్తులుగా పెరిగే నాచు. రెండూ గట్టినీటిని తట్టుకుంటాయి. వాలిస్నేరియా వేరు ఇసుకలో ఉండాలి, ఆకులు పుట్టేచోటు పైకి కనబడాలి. చెరువునుంచి తెచ్చిన నాచును వారంరోజులు బేసినులో ఉంచి చూడండి. దానితోపాటు తూనీగ పిల్లపురుగులు వస్తాయి, అవి చేపపిల్లల్ని పట్టి తింటాయి. ఒకటీ అరా నత్త వస్తే మాత్రం ఉండనివ్వండి. రోజుకు ఏడెనిమిది గంటలు దీపం వెలిగితే సరిపోతుంది.

ఇప్పుడు అసలు కష్టం. చేపలు తేవద్దు. నాలుగునుంచి ఆరు వారాలు తేవద్దు! రోజు విడిచి రోజు చిటికెడు చేపల మేత మాత్రం నీటిలో వెయ్యండి. అది కుళ్ళి ఆ సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. ఎవరింట్లోనైనా బాగా నడుస్తున్న తొట్టి ఉంటే, అందులోని గుప్పెడు ఇసుక అడిగి తెచ్చి వేసుకోండి. అదే తోడు. అమ్మోనియా, నైట్రైటు కొలిచే చుక్కలమందు చేపల దుకాణాల్లో దొరుకుతుంది. రెండూ సున్నా చూపించేదాకా ఆగవలసిందే. అబ్బాయిచేత ఒక నోటుపుస్తకంలో ఆ అంకెలు రాయించండి. నీళ్ళనూ నత్తనూ చూస్తూ నెలరోజులు గడపడం తొమ్మిదేళ్ళవాడికి తేలిక కాదు. అయినా చచ్చిన చేపను తియ్యడం అంతకంటె కష్టమని అతనికి ఈసరికే తెలుసు.

చేపలుగా జీబ్రాలు ఆరు తెప్పించండి. నీలిచారలతో రెండంగుళాలు మించని మన దేశపు చేప ఇది. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల గ్రంథంలో దీన్ని వర్ణించాడు. హైదరాబాదు సి.సి.ఎం.బి.లో శాస్త్రజ్ఞులు పరిశోధనలకు వాడేదీ దీన్నే. మొదట మూడు, పదిరోజుల తరువాత మూడు. రెండు నిమిషాల్లో తినగలిగినంత మేత రోజుకొకసారి చాలు. ఏకాదశినాడు ఉపవాసమున్నా వాటికేమీ కాదు. నాయనమ్మగారికి ఆ నియమం నచ్చవచ్చు!

చేపలు తక్కువగా, మొక్కలు ఎక్కువగా ఉండాలనడంలో మరో ఉద్దేశం కూడా ఉన్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మీ జిల్లా తీరాన్ని దాటినప్పుడు ఎన్ని ఊళ్ళు రోజులతరబడి చీకట్లో ఉన్నాయో మీకు నేను చెప్పాలా? గాలిపంపు మీద ఆధారపడి కిక్కిరిసిన తొట్టి కరెంటు పోతే ఒక్కరాత్రిలో ఖాళీ అవుతుంది. 54 లీటర్లలో ఆరు చిన్న చేపలకు ఆ భయం చాలా తక్కువ.

దుకాణంవాడు అద్దం నాకి పాచి తింటుందని నల్లమచ్చల చేప ఒకటి అంటగట్టబోతాడు. తీసుకోవద్దు. అది అడుగు దాటి పెరుగుతుంది. పెరిగాక ఏం చెయ్యాలో తోచక జనం చెరువుల్లో వదిలేశారు. ఇప్పుడు మన రాష్ట్రంలో చేపల చెరువులవాళ్ళు దానివల్ల నష్టపోతున్నారు. వేటమీద బతికే ఊళ్ళో ఉన్నవారు మీరు, ఇంతకంటె చెప్పనక్కరలేదు. మీ తొట్టిలో ఏది ఎక్కువైనా ఊరి చెరువులో వదలవద్దు, మరొకరి తొట్టికి ఇవ్వండి.

అన్నట్టు, తొట్టికి మూత మరచిపోకండి. జీబ్రాలు ఎగిరి దూకుతాయి. పైన బిగించి కట్టడానికి పాత దోమతెర ముక్క చాలు.