పూలు చల్లే ముందు ఒక్కమాట

2019 డిసెంబరు 6. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో తెల్లవారకముందే నలుగురు నిందితులు పోలీసు తూటాలకు చనిపోయారు. పొద్దెక్కేసరికి వంతెన నిండా జనం. కింద నిలబడ్డ పోలీసుల మీద పూలరేకులు చల్లారు, జై కొట్టారు, మిఠాయిలు పంచారు. ఎనిమిది రోజుల ముందే ఆ దాపులో పశువైద్యురాలైన దిశ కాలిన శరీరం దొరికింది; ఆ కేసులోనే ఈ నలుగురు నిందితులు. ఆడపిల్లలున్న ఏ ఇంట్లోనూ ఆ వారం సరిగ్గా నిద్రపోలేదు. ఆ కోపాన్ని నేను తప్పుపట్టను.

కానీ ఆ పూల కింద ఒక ప్రశ్న కప్పబడిపోయింది. అమ్మాయి కనిపించడం లేదని ఆ రాత్రి పరుగెత్తిన ఇంటివాళ్లను, తమ పరిధి కాదంటూ ఒక స్టేషను నుంచి మరో స్టేషనుకు తిప్పారు. ఆ జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. విచారణ సాగి ఉంటే ఆ రాత్రి నిమిషం నిమిషానికీ కోర్టులో లెక్క చెప్పాల్సి వచ్చేది. చనిపోయినవాళ్లను క్రాస్ ఎగ్జామిన్ చేయలేం. నేరం చేసింది వాళ్లేనని ఏ కోర్టూ తేల్చలేదు, ఇక తేల్చే వీలూ లేదు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదిక, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారనీ, నలుగురిలో ముగ్గురు మైనర్లనీ చెప్పింది.

దెబ్బకు దెబ్బ అనే న్యాయం చూపంతా నేరస్థుడి మీదే. పునరుద్ధరణ న్యాయం ముందు నష్టపోయిన మనిషి వైపు తిరిగి, నీకేం కావాలని అడుగుతుంది. 1974లో కెనడాలోని ఎల్మీరాలో ఇద్దరు కుర్రాళ్లు తాగి 22 చోట్ల ఆస్తులు ధ్వంసం చేశారు. తప్పు ఒప్పుకున్నాక, జడ్జి వాళ్లను బాధితుల గుమ్మాల ముందుకే పంపాడు. ఎదురుగా నిలబడి ఎంత పాడుచేశారో విన్నారు, నష్టం కట్టారు. న్యూజిలాండ్ 1989లో పిల్లల నేరాలకు ఇలాంటి పద్ధతినే చట్టం చేసింది.

ఇక్కడే గట్టిగా హెచ్చరించాల్సి ఉంది. పునరుద్ధరణ న్యాయం అంటే మన ఊళ్లలో పెద్దమనుషుల పంచాయితీ చేసే రాజీ కాదు. రచ్చబండ దగ్గర ఇంత సొమ్మని తేల్చి, తెల్లకాగితం మీద ఆడపిల్ల తండ్రి చేత వేలిముద్ర వేయిస్తారు. లేదంటే చెరిచినవాడికే ఇచ్చి పెళ్లి చేసేయమంటారు. ఆ పిల్లను అడిగేవాళ్లే ఉండరు. అత్యాచారం కేసుల్లో రాజీ మాటే ఎత్తకూడదని సుప్రీంకోర్టు 2015లో స్పష్టంగా చెప్పింది. బాధితురాలు మైనరైతే, తెలిసీ పోలీసులకు చెప్పకుండా దాచడం పోక్సో చట్టం కింద నేరం. పంచాయితీలో కూర్చున్న పెద్దలకూ ఆ చట్టం వర్తిస్తుంది.

రేపు ఎక్కడో మరో ఘోరం జరుగుతుంది. ఫోన్లలో "ఎన్‌కౌంటర్ చేసెయ్యండి" అని పోస్టులు మొదలవుతాయి. దయచేసి మీరు ఆ మాట రాయకండి. ఫిర్యాదు ఏ స్టేషన్లో ఇచ్చారు, ఎన్నింటికి తీసుకున్నారు, ఆ ఇంటివాళ్లకు లాయరు ఉన్నాడా, పరిహారం అందిందా అని అడగండి. పరిధితో పని లేకుండా ఏ స్టేషనైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందేనని 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం చెబుతోంది. కాదంటే అక్కడి నుంచి కదలకండి. ఉచిత న్యాయ సహాయం ఫోన్ నంబరు 15100. ఇప్పుడే రాసి పెట్టుకోండి.