తాతలు బండి దిగేసరికి ఇక్కడ మనుషులే లేరా?

మిరప కల్లాలు అయిపోయాయి, పత్తి గింజలు పెట్టడానికి ఇంకా టైముంది. ఈ తీరికలో చాలా రోజులుగా మనసులో ఉన్నది రాస్తున్నా. కొంచెం పొడుగుంటది. కొందరికి కోపం కూడా రావొచ్చు. వచ్చినా చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి.

పోయిన నెల చుట్టాల పెళ్ళికి పోతే భోజనాల దగ్గర తలా ఒక పుస్తకం చేతిలో పెట్టారు. మా వంశవృక్షం. మంచి కాగితం, రంగుల ఫోటోలు, ఆరు తరాల పేర్లు. మా అన్నయ్య వరసాయన రెండేళ్ళు తిరిగి, అందరికీ ఫోన్లు చేసి, సొంత డబ్బు పెట్టి వేయించాడు. ఆ కష్టానికి దండం పెట్టాల్సిందే. మా తాత పేరు అచ్చులో చూసుకొని నాకూ కళ్ళు చెమర్చాయి.

కానీ మొదటి పేజీ దగ్గరే ఆగిపోయా. ముత్తాత కృష్ణా జిల్లా నుంచి రెండు ఎడ్లబండ్ల మీద వచ్చి అడవి నరికి సేద్యం మొదలుపెట్టాడని, అప్పటికి ఈ ప్రాంతంలో నరమానవుడు లేడని రాశారు. రెండోసారి చదివా. నరమానవుడు లేడా? మరి మా నాయనమ్మ నోట చిన్నప్పటి నుంచీ విన్న గూడెం సంగతులన్నీ ఎవరివి? ఇప్పపువ్వు తెచ్చి వడ్లకు మార్చుకొని పోయింది ఎవరు? మొదటి కాన్పుకు మంత్రసానిగా వచ్చిందని నాయనమ్మ చెప్పే ఆ కోయ ముసలమ్మ ఎవరు?

మన తాతల కష్టం చిన్నదని నేను అనట్లేదు. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది, డెల్టాలో నీళ్ళు పారాయి, భూమి ధర పెరిగింది. నలుగురైదుగురు అన్నదమ్ములు పంచుకునేసరికి ఒక్కొక్కరికి వచ్చే ముక్క తిండికి చాలని పరిస్థితి. 1889లో నిజాం రైలు బెజవాడదాకా వచ్చాక ఇటు రాకపోకలు పెరిగాయి. అక్కడ ఒక ఎకరం అమ్మితే ఇక్కడ ఎన్నో ఎకరాలు వచ్చేవని పెద్దవాళ్ళు చెప్పే మాట మీ ఇళ్ళల్లోనూ వినే ఉంటారు. మా తాత వైరా రిజర్వాయరు కట్టే రోజుల్లో వచ్చాడంటారు. మొద్దులు పెకిలించారు, మోట బావులు తవ్వారు, మన్యం జ్వరంతో పిల్లల్ని పోగొట్టుకున్నారు. మా నాయనమ్మ ఇద్దరిని పోగొట్టుకుంది. వాళ్ళ పేర్లు ఆ పుస్తకంలో లేవు, అది వేరే బాధ.

నా పేచీ ఆ ఒక్క మాటతోనే. మనుషులే లేరు అన్న మాటతో.

ఇలాంటి మాటే ఒకటి అమెరికాలో కూడా పుస్తకంలోకి ఎక్కింది. మా తమ్ముడి మనవరాలు అక్కడ బడిలో ఒక పుస్తకం చదువుతూ ఫోన్లో ఆ కథ చెప్పింది. లిటిల్ హౌస్ ఆన్ ద ప్రైరీ అని దాని పేరు. టీవీ సీరియల్ కూడా వచ్చింది. కథ వింటుంటే అచ్చం మా తాత కథ లాగే ఉంది.

చార్లెస్ ఇంగల్స్ అని ఒక రైతు, భార్య పేరు కారొలీన్. చిన్న చిన్న ఆడపిల్లల్ని బండిలో ఎక్కించుకొని విస్కాన్సిన్ నుంచి బయలుదేరి 1869లో కాన్సాస్ చేరారు. ఖాళీ గడ్డి మైదానం. దుంగలతో ఇల్లు కట్టుకున్నారు, బావి తవ్వుకున్నారు. 1870 ఆగస్టులో అక్కడే ఇంకో ఆడపిల్ల పుట్టింది. ఇంటిల్లిపాదికీ చలిజ్వరం వచ్చి మంచాన పడ్డారు. పుచ్చకాయ తింటే వస్తుందని అప్పుడు ఇరుగుపొరుగు అనుకున్నారట. అది మలేరియా. జార్జ్ టాన్ అనే నల్లజాతి వైద్యుడు వచ్చి మందిచ్చి బతికించాడు. 1871లో మళ్ళీ బండి కట్టి వెనక్కి పోయారు. ఆ ఇంటి రెండో కూతురు లారా పెద్దదై, అరవై దాటాక 1935లో ఆ పుస్తకం రాసింది.

అమెరికాలో వంశచరిత్రలు వెతికే పిచ్చి మనకంటే చాలా ఎక్కువ. మొదట వచ్చిన వాళ్ళ వారసులమని చెప్పుకోవడానికి సంఘాలే ఉన్నాయి. ఒరెగాన్‌లో అయితే ఆ రాష్ట్రం ఏర్పడిన 1859 ఫిబ్రవరి 14కి ముందే మా పూర్వీకులు ఇక్కడికి వచ్చారని కాగితాలతో రుజువు చేసుకుంటేనే ఆ సంఘంలో చేర్చుకుంటారు. అలాంటి వాళ్ళు ఇంగల్స్ కుటుంబం పేర్ల కోసం 1870 జనాభా లెక్కల కాగితాలు తీశారు. పేర్లు దొరికాయి. వాటితో పాటు ఇంకో సంగతీ తేలింది. ఆ భూమి ఓసేజ్ అనే తెగ వాళ్ళది. వాళ్ళ కోసం ప్రభుత్వమే ఒప్పందం చేసి విడిచిపెట్టిన రిజర్వు. అక్కడ ఇల్లు కట్టుకున్న వాళ్ళెవరికీ పట్టా లేదు.

అప్పటికి వాళ్ళకు 1862 నాటి హోంస్టెడ్ చట్టం ఉంది. 160 ఎకరాలు తీసుకొని, ఇల్లు కట్టుకొని, ఐదేళ్ళు సేద్యం చేస్తే సొంతమవుతుంది. మన అసైన్డ్ పట్టా లాంటిదనుకోండి, అయితే 160 ఎకరాలు! ఆ చట్టం కింద ఆ దేశంలో దాదాపు పదో వంతు భూమి పంచేశారు. ఓసేజ్ భూమి మాత్రం దాని కిందకు రాదు. అయినా జనం ముందే పోయి దిగారు. ఎట్లాగూ సర్కారు వాళ్ళను ఖాళీ చేయిస్తుంది, ముందు దిగినవాడికే దక్కుతుందని. అట్లాగే అయింది. 1870లో ఓసేజ్ వాళ్ళు ఆ భూమి వదులుకొని ఇప్పటి ఓక్లహామా వైపు పోవాల్సి వచ్చింది.

ఇక పుస్తకం సంగతి. ఆ ప్రాంతంలో మనుషులు లేరు, ఉన్నది ఇండియన్లు మాత్రమే అన్న అర్థం వచ్చేట్టు మొదట్లోనే ఒక మాట ఉండేది. పదిహేడేళ్ళు కోట్లమంది దేశంలో ఎవరికీ అది తప్పుగా తోచలేదు కాబోలు. 1952లో ఒకరు ఉత్తరం రాశారు, ఇండియన్లు మనుషులు కాదా అని. లారా అప్పటికి ముసలామె. చూసుకొని తప్పు నాదేనని ఒప్పుకుంది. 1953లో వేసిన కొత్త ముద్రణలో మనుషులు అన్నచోట వలస రైతులు అని మార్చారు. ఒక్క మాటే మారింది. కథ పోలేదు, ఆ ఇంటి పరువూ పోలేదు. ఇవాళ్టికీ పిల్లలు చదువుతూనే ఉన్నారు.

ఆమె కావాలని రాయలేదు. మా అన్నయ్యా కావాలని రాయలేదు. ఇళ్ళల్లో అట్లా చెప్పుకుంటూ వచ్చారు, అదే అచ్చయింది.

మన దగ్గర మనుషులు లేరనడం ఎంత అబద్ధమో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. భద్రాచలం తాలూకాను నిజాం 1860లో ఇంగ్లీషు వాళ్ళకు ఇచ్చాడు. 1874లో అది గోదావరి జిల్లాలో కలిసింది, 1959లో మన ఖమ్మం జిల్లాకు వచ్చింది. ఆ మధ్యలో 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల మీద ఒక చట్టం చేసింది. కొండ జాతుల వాళ్ళ భూమి బయటివాళ్ళ చేతికి పోకుండా ఆపడానికి. మనుషులు లేని చోట ఎవరి భూమి పోతుందని ఆ చట్టం చేసినట్టు? ఇటు నిజాం వైపు హైమండార్ఫ్ అనే దొర 1940ల్లో గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య ఉండి 1945లో ఒక పెద్ద పుస్తకమే వేశాడు. అంతెందుకు, కొత్తగూడెం పేరు చూడండి. గూడెం అనే మాట ఎవరిది? మన ఖానాపురం పక్కన తగిలించి ఉన్న హవేలి కూడా మనకంటే పాత మాటే. పాత శిస్తు లెక్కల్లో హవేలి అంటే మధ్యలో జమీందారు, జాగీరుదారు లేకుండా సర్కారే నేరుగా పన్ను తీసుకునే భూమి. పన్ను ఉందంటే దున్నేవాడు ఉన్నట్టే కదా.

మావాడు ఎవరినీ తరమలేదు, రొక్కం ఇచ్చి కొన్నాడు అంటారు. నిజమే, చాలామంది కొన్నారు. ఎవరి దగ్గర కొన్నారు? దొర దగ్గరో, పట్వారీ చేతుల మీదుగానో, సాదా బైనామా కాగితం మీద. ఆ చెలక అప్పటిదాకా దున్నుకుంటున్న వాడిని ఎవరన్నా అడిగారా? కొన్నిచోట్ల ఉప్పుకు, బట్టకు, విత్తనాలకు చేసిన అప్పు కింద భూమి జారిపోయింది. అన్నిచోట్లా అట్లా జరిగిందని కాదు. నేను మాకు సంబంధించిన పాత ఖాస్రా పహాణీ ఒకసారి చూశా, 1954-55ది. పట్టాదారు గడిలో ఒక పేరు, అనుభవదారు గడిలో ఇంకో పేరు. ఆ రెండో పేరు మా వాళ్ళది కాదు. చూసినప్పుడు పట్టించుకోలేదు. ఈ పుస్తకం చూశాక నిద్రపట్టలేదు.

పెళ్ళిలోనే ఒకాయన నా చెవిలో అన్నాడు, ఇవన్నీ రాస్తే 1/70 గొడవ నెత్తి మీదకు వస్తది, ఊరుకో బావా అని. ఆయన భయం నాకు అర్థమైంది. 1959 రెగ్యులేషను, దానికి 1970లో వచ్చిన సవరణ ఏజెన్సీలో ఎంతమంది గిరిజనేతర రైతులకు కంటిమీద కునుకు లేకుండా చేశాయో తెలియనివాణ్ణి కాను. కానీ పహాణీలు మన పుస్తకం కోసం ఎదురుచూస్తూ లేవు, ఆఫీసు రికార్డు గదిలో ఉన్నాయి. మనం దాచిపెట్టేది ఎవరి దగ్గర? మన పిల్లల దగ్గరే. రేపు వాళ్ళే నెట్‌లోనో, రికార్డు గదిలోనో చూసి, మా తాతలు అబద్ధం రాసుకున్నారు అనుకుంటారు. అప్పుడు అందులో రాసుకున్న నిజమైన కష్టాన్ని కూడా నమ్మరు.

ఇంకో మాట. వాళ్ళకు చరిత్ర లేదు, రాత లేదు అని మనవాళ్ళు తేలిగ్గా అనేస్తారు. మణుగూరు మండలం కూనవరం నుంచి సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చింది దేనికనుకున్నారు? కోయల వంశ చరిత్రలు, సమ్మక్క సారలమ్మల కథలు డోలు మీద పాడి నిలబెట్టినందుకే. కోయల్లో మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అని ఉంటాయి. ఏ గట్టు వాళ్ళు ఏ గట్టుకు పిల్లనివ్వాలో లెక్క ఉంటుంది. ఒక్కో గట్టు కథ గుడ్డ మీద బొమ్మలుగా వేసి ఉంటుంది, పడిగె అంటారు. జాతరలో దాన్ని విప్పి డోలీలు పాడతారు. మా అన్నయ్య పుస్తకం ఆరు తరాల దగ్గర ఆగింది. వాళ్ళ పాట అంతకంటే చాలా వెనక్కి పోతుంది.

మనకూ ఉండేవాళ్ళు, మర్చిపోయాం. పిచ్చుకుంట్ల వాళ్ళు కల్లాల టైముకు వచ్చి మన ఇంటిపేర్లు, గోత్రాలు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎందుకు వచ్చామో వరసగా చెప్పి వడ్లు పెట్టించుకొని పోయేవాళ్ళు. ఇప్పుడు సర్కారు జాబితాలో వాళ్ళ పేరు వంశరాజ్. పేరు గొప్పగా మారింది, వడ్లు పెట్టే చెయ్యి మాత్రం లేదు. అప్పుడు తూమెడు వడ్లకు గొణిగిన ఇళ్ళే ఇప్పుడు రంగుల పుస్తకానికి లక్షలు పెడుతున్నాయి!

ఆడవాళ్ళ సంగతి కూడా చెప్పి ఆపుతా. మా చెట్టులో మగవాళ్ళకు కొమ్మలున్నాయి, ఆడపిల్లలు పెళ్ళితో రాలిపోయారు. కోడళ్ళకు పేరు ఉంది కానీ ఏ ఊరి ఆడపడుచో లేదు. ఒరెగాన్‌లో 1850లో చేసిన చట్టంలో భార్యాభర్తలకు 640 ఎకరాలు ఇస్తే సగం భార్య పేరునే ఉండేది. ఆ చట్టం తెల్లవాళ్ళకే అనుకూలం, ఇండియన్లకు అన్యాయం, అది వేరే సంగతి. మన దగ్గర ఆడపిల్లకు తండ్రి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు 1985లో రామారావు గారి ప్రభుత్వం తెచ్చింది, దేశం మొత్తానికి 2005లో వచ్చింది. పౌతి చేయించుకునేటప్పుడు అక్కచెల్లెళ్ళ పేర్లు వదిలేసి, తర్వాత కోర్టుల చుట్టూ తిరుగుతున్న ఇళ్ళు మీకు తెలియనివి కావు. వంశవృక్షంలో రాయనివాడు పౌతి కాగితంలో రాస్తాడా?

నిన్న కాక మొన్న అడవి అంచున మా పాత చేను పక్క గూడానికి వెళ్ళా. ఒక పెద్దాయన ఉన్నాడు, ఎనభై దాటి ఉంటాయి. మా తాత ఇంటిపేరు చెప్పగానే, ఎర్ర ఎడ్ల ఆసామి మనవడివా అన్నాడు. మా తాతకు ఎర్ర ఎడ్లుండేవని మా ఇంట్లో నాకెవరూ చెప్పలేదు, ఆ పుస్తకంలోనూ లేదు. మీ తాత పేరేంటి పెద్దయ్యా అని అడిగా. చెప్పాడు. నోట్‌బుక్కులో రాసుకున్నా. వాళ్ళ చుట్టాలు కూనవరం, వరరామచంద్రాపురం వైపు ఉన్నారట. 2014లో ఆ మండలాలు ఆంధ్రాలో కలిశాయి, పోలవరం ముంపులో ఇప్పుడు ఊళ్ళు ఖాళీ చేస్తున్నారు. మాలో ఎవరు ఎక్కడ తేలతారో అన్నాడాయన. అంతకంటే ఎక్కువ మాట్లాడలేదు.

అన్నయ్యకు ఫోన్ చేసి చెప్పా. మొదట కోపం వచ్చింది ఆయనకు. తర్వాత, రెండో ముద్రణ వేస్తే ఆ మొదటి పేజీ నువ్వే రాసివ్వు అన్నాడు. సరే అన్నా. దానికి ముందు ఆ ఖాస్రా పహాణీ నకలు చేతిలో ఉండాలి, అనుభవదారు గడిలో ఉన్న పేరు ఆ పెద్దాయన చెప్పిన పేరు ఒకటేనా కాదా చూడాలి. సోమవారం పొద్దున దరఖాస్తు పెట్టడానికి పోతున్నా. మీ సర్వే నంబర్లవి కూడా తీయించుకునేవాళ్ళు ఉంటే చెప్పండి, కలిసి పోదాం.