కళింగపక్షాన ఎవరు కూర్చుంటారు?

కళింగయుద్ధాన్ని బల్లమీద బొమ్మలు పేర్చి, పాచికలు వేసి ఆడటం మృతుల పట్ల అపచారమని ఒక పెద్దమనిషి నాతో వాదించారు. లక్షమంది చచ్చిన చోట ఆటలేమిటన్నారు. 2001లో వచ్చిన 'అశోక' చిత్రాన్ని ఆయన మెచ్చుకొంటూనే చూశారు. అందులో ఆ లక్షమంది చావు కథానాయకుడి కన్నీటికి నేపథ్యం. ఆ చిత్రంలో కనబడని అపచారం నా బల్లమీద ఎలా కనబడిందో ఆయనే చెప్పాలి.

నా ఫిర్యాదు అసలు ఆయన మీద కాదు. కళింగయుద్ధమనగానే అశోకుడి హృదయపరివర్తన తప్ప మరొకటి తోచని మన అలవాటు మీద. బడిలో మనం నేర్చినదేమిటి? అశోకుడు వచ్చాడు, గెలిచాడు, ఏడ్చాడు, మారాడు. నాలుగు క్రియలకూ కర్త ఒక్కడే. కళింగులు ఏం చేశారు? చచ్చారు. ఆ పనికి ముందు వారు ఏమైనా ఆలోచించి ఉంటారని, ఏ వాగు ఇవతల నిలవాలో తర్కించుకొని ఉంటారని ఏ పాఠమూ చెప్పదు. యుద్ధక్రీడకు ఇద్దరు కావాలి. ఒకరు కళింగపక్షాన కూర్చోక తప్పదు. కూర్చున్నవాడు ఆలోచించక తప్పదు. నేను ఈ ఆటను సమర్థించేది ప్రధానంగా ఇందుకే.

క్రీ.పూ. 261 ప్రాంతపు ఈ యుద్ధం గురించి మనకున్న ప్రత్యక్షసాక్ష్యం ఒక్కటే, అదీ గెలిచినవాడిది. పదమూడవ శిలాశాసనం. లక్షన్నరమందిని తరలించుకుపోయారు, లక్షమందిని చంపారు, అంతకు ఎన్నోరెట్లు మరణించారు అని అందులో ఉంది. కళింగరాజు పేరు లేదు. యుద్ధభూమి పేరు లేదు. తరలించిన లక్షన్నరమందిని తిరిగి పంపుతానన్న మాట కూడా లేదు. పశ్చాత్తాపముంది. దాని వెనకే ఆటవికులకు హెచ్చరికా ఉంది: పశ్చాత్తపుడైనా రాజుకు బలముందని, సిగ్గుపడి దారికి రాకపోతే చస్తారని.

అంతకన్న విచిత్రం, ఈ శాసనం కర్నూలు దిక్కున ఎర్రగుడి బండలమీద ఉంది, ఎక్కడో షాబాజ్‌గఢీలోనూ ఉంది, కళింగంలో మాత్రం లేదు. ధౌలిలోనూ జౌగడలోనూ 11, 12, 13 శాసనాలను తప్పించి, వాటికి మారుగా రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించారు. జౌగడ మనకు పరాయిచోటు కాదు. పలాసలో రైలెక్కి బరంపురంలో దిగితే అక్కడినుంచి ఒక పూట పని. ఆ బండమీద కళింగులకు వినిపించినది "మనుషులందరూ నా బిడ్డలు" అన్న భావం. మీలో లక్షమందిని చంపానన్నది మాత్రం ఊళ్ళోవాళ్ళకు తప్ప అందరికీ చెప్పాడు!

ఇక రెండో పక్షానికి, అంటే ఈ ఆట నియమాలు రాసే దొరలకు. వీరిలో ప్రసిద్ధమైనది ఫిల్ బార్కర్ తదితరులు 1990లో ప్రచురించిన 'డి బెల్లిస్ యాంటిక్విటాటిస్'. చక్కని చిన్న పుస్తకం. పక్షానికి పన్నెండు దళాలు, రెండడుగుల బల్ల, గంటలో తేలిపోయే యుద్ధం. నాకు ఇష్టమైన ఆటే. కాని అందులో ప్రాచీనభారత సైన్యం పేరిట దాదాపు వెయ్యేళ్ళకు ఒకే పట్టిక ఉంది. ఉపవిభాగాలున్నా, జీలం ఒడ్డున అలెగ్జాండరును ఎదిరించిన పురుషోత్తముడూ, మగధా, కళింగమూ అందరూ ఒకే గోనెసంచిలో ఉన్నారు. ఏనుగులు, రథాలు, విలుకాండ్రు. పేరు మార్చుకొని ఎవరైనా ఆడుకోవచ్చు. గ్రీకు నగరాలకు మాత్రం పేరుపేరునా వేరు లెక్కలు.

కళింగానికి వేరు లెక్క లేకనా? రోమన్ రచయిత ప్లినీ ఇచ్చాడు. మెగస్తనీసు నాటి గ్రీకు కథనాలనుంచి తీసుకొన్నవని పండితులు భావించే ఆ అంకెల ప్రకారం కళింగరాజుకు 60,000 కాల్బలం, 1,000 గుర్రాలు, 700 ఏనుగులు. రథాల ఊసు లేదు. వెయ్యిమందికొక బొమ్మ చొప్పున పేరిస్తే అరవైమంది కాల్బంటులు, ఒక్క రౌతు. ఏనుగు బొమ్మ ఒక్కటి కూడా పూర్తిగా రాదు! ఇది నడిచే సైన్యం, మనిషెత్తు విల్లును నేలకానించి ఎడమకాలితో తొక్కిపట్టి లాగుతారని అరియన్ వర్ణించిన విలుకాండ్ర సైన్యం. రథాలతో కళింగాన్ని ఆడేవారు పంజాబును ఆడుతున్నట్టు.

అదే ప్లినీ మగధకు ఇచ్చినది 6,00,000 కాల్బలం, 30,000 గుర్రాలు, 9,000 ఏనుగులు. కాల్బలంలోనే పదిరెట్లు. అంకెల్లో అతిశయముంటే ఉండనీయండి, తేడా మిగులుతుంది. పన్నెండుకు పన్నెండు దళాలు పేర్చి "సమఉజ్జీలు" అనటం ఆటకు న్యాయమేమో గాని కళింగానికి కాదు.

ఇక్కడ దొరలకు తెలియనిదీ, మన గుడి అరుగులమీద గీసి ఉన్నదీ ఒకటుంది: పులిజూదం. మూడు పులులు, పదిహేను మేకలు. బలాలు సమానం కావు, గెలుపులూ ఒకటి కావు. పులికి తినటం గెలుపు, మేకలకు పులిని కట్టివేయటం గెలుపు. చదరంగంలో రెండువైపులా ఒకే సేన, ఒకే లక్ష్యం. కళింగయుద్ధాన్ని చదరంగంలా ఆడుతున్నారన్నదే నా అభ్యంతరం. పులిజూదంలా ఆడాలి.

నేను ఆడేది ఇలా. బల్ల మన ఉద్దానం. అసలు యుద్ధం ఇక్కడే జరిగిందని నేననను. కాని ఉత్తరాన్నుంచి వంశధార వైపు దిగే ఏ దండుకైనా కొండలకూ కడలికీ నడుమ ఈ సన్నని దారే దిక్కు. నేడు రైలూ రహదారీ కూడా ఇక్కడే ఒకదాన్నొకటి రాసుకుపోతున్నాయి. పడమట మహేంద్రగిరి పాదాలు, తూర్పున ఇసుకదిబ్బలు, బారువ దగ్గర మహేంద్రతనయ ముఖం, సోంపేట బీల, నౌపడ వైపు తంపర. ఈ తడినేలలను నియమావళి "చెడ్డనేల" అంటుంది. ఏనుగుకూ గుర్రానికీ అక్కడ శిక్ష, తేలిక కాల్బలానికి నీడ. (బంజరని పేరుపెట్టిన ఈ నేలలకోసమే 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో పోలీసుకాల్పుల్లో మనుషులు పోయారు. చెడ్డనేల ఎవరికన్నది పాత ప్రశ్నే.)

సీసపు బొమ్మల ఖరీదు నాకు అందదు, అందినా కొనను. మగధకు చింతపిక్కలు, కళింగానికి జీడిపిక్కలు. డాలు రంగు తప్పిందని కొట్లాడే శుద్ధాచారులు పలాస వచ్చి జీడిపిక్క రంగు సరిదిద్దవచ్చు. మగధ దళం ఏది ఓడినా రెండు వంతుల తరువాత బల్ల అంచునుంచి మళ్ళీ వస్తుంది. కళింగానిది పోతే పోయినట్టే. వీరుగాక ఊళ్ళలో విడిగా మరికొన్ని జీడిపిక్కలుంటాయి, తరలింపబోయే జనం. పదివేలమందికొక పిక్క చొప్పున శాసనపు లక్షన్నరకు పదిహేను. పులిజూదపు మేకలు పదిహేనే కావటం నేను కల్పించినది కాదు, లెక్క అలా పడింది. వీటిని పడవలకో కొండలకో చేర్చటమే కళింగపు గెలుపు. సగానికి పైగా చేరితే, కళింగసేనలో ఒక్కడు మిగలకపోయినా ఆట కళింగానిదే.

మా మేనబావ మగధ పక్షం పట్టాడు. గంట తిరక్కముందే నా వరుస విరగ్గొట్టి పాచిక కింద పెట్టేశాడు. ఊళ్ళలో పిక్కలు మిగిలున్నాయని చూపించాను. "ఇవి పట్టుకుంటే నాకేటొస్తాది?" అన్నాడు. బందీలు వస్తారన్నాను. కొంచెంసేపు పిక్కలకేసి చూసి, గుర్రాలను ఊళ్ళమీదికి తిప్పాడు. బీల అంచున మిగిలిన విలుకాండ్రు రెండు దళాలూ అక్కడే నిలిచి మూడు వంతులు ఆపి చచ్చాయి. ఎనిమిది పిక్కలు దాటాయి, ఏడు అతని చేతిలో ఉన్నాయి. ఆట నాదే. ఆ ఏడింటినీ డబ్బాలో వేయక, ఇవెక్కడికి వెళ్తాయని అడిగాడు. పాటలీపుత్రం వైపు అన్నాను.

బొమ్మలాటలకు పునాదిపుస్తకమనదగిన 'లిటిల్ వార్స్' 1913లో రాసిన హెచ్.జి. వెల్స్ యుద్ధవ్యతిరేకి. ఈ బొమ్మయుద్ధాన్ని ఆడినవారికి అసలు యుద్ధం ఎంత మొద్దుపనో తెలుస్తుందని ఆయన నమ్మకం. ఆయనే తరువాత రాసిన ప్రపంచచరిత్రలో అశోకుణ్ణి ఆకాశానికెత్తాడు. అంతటివాడికీ కళింగంలో అశోకుడే కనబడ్డాడు, అవతలి కుర్చీ ఖాళీగానే ఉంది. అపచారమన్న పెద్దమనిషిని ఆ కుర్చీలో కూర్చోమని పిలిచాను. ఇంకా రాలేదు.

ఈ నియమాల్లో ఒకటి ఇంకా తేలలేదు. కొండలకు చేరిన పిక్కలు నిజంగా తప్పించుకొన్నట్టేనా? శాసనపు హెచ్చరిక ఆటవికులకే కదా. మూడో ఆటగాడు దొరికితే మహేంద్రగిరి పక్షం అతనిది. అతనికి పన్నెండు దళాలు అక్కరలేదు, నాలుగు చాలు. వచ్చినవారిని దాచుకోవాలో, మగధకు అప్పగించి తన కొండ తాను కాపాడుకోవాలో అతని వంతులో అతనే తేల్చుకొంటాడు.