నా ఓటు ఒక ఊళ్లో, నా మ్యాన్‌హోల్ ఇంకో ఊళ్లో

జులై వానలకి కేపీహెచ్‌బీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ గేటు ముందు మ్యాన్‌హోల్ పొంగింది. ఆ నీళ్లలో బండి దింపాలా వద్దా అని ఐదు నిమిషాలు ఆలోచించి, మళ్లీ మెట్లెక్కి వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టేశా. తర్వాత జీహెచ్ఎంసీకి ఫోన్ కొట్టా. అవతలావిడ అంతా ఓపిగ్గా విని ఒక్కటే అడిగింది: "వాన నీళ్లా సార్, మురుగు నీళ్లా?"

రెండూ కలిసే వస్తున్నాయండి అంటే నవ్వేసింది. విషయం ఏంటంటే, వాన నీటి కాలువలు, నాలాలు జీహెచ్ఎంసీవి. డ్రైనేజీ లైన్లు, మ్యాన్‌హోళ్లు జలమండలివి. దానికి చెయ్యాల్సిన నంబర్ 155313. ఆరేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నా, ఈ ముక్క నాకు తెలీదు.

ఆ రోజు మీటింగుల మధ్య కూర్చుని, అసలు నేనుండేది ఎవరి కింద అని వెతకడం మొదలెట్టా. మా ఇల్లు హైదరాబాద్ జిల్లాలోనే లేదు! మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా, కూకట్‌పల్లి మండలం. మాదాపూర్‌లో ఆఫీసేమో రంగారెడ్డి జిల్లా, శేరిలింగంపల్లి మండలం. అంటే రోజూ బండి మీద జిల్లా దాటి ఉద్యోగం చేసొస్తున్నానన్నమాట. ఎంపీ సీటు కూడా మారిపోతుంది. ఇల్లు మల్కాజిగిరి, ఆఫీసు చేవెళ్ల. పోలీసులు మాత్రం రెండుచోట్లా సైబరాబాద్ కమిషనరేటే, అదొక్కటి అదృష్టం. ఒక్కో డిపార్ట్‌మెంట్ తన మ్యాప్ తాను గీసుకుంది. మా కోడ్‌లో ఇలా ఉంటే మేనేజర్ ఊరుకోడు.

2022లో వీటన్నిటి మీదా పరిచి ఉన్న పెద్ద దుప్పటి జీహెచ్ఎంసీ. 2007 ఏప్రిల్‌లో పాత హైదరాబాద్ కార్పొరేషన్‌కి చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపి చేశారు. అలా కలిసినవాటిలో మా కూకట్‌పల్లి కూడా ఒకటి. 2022లో 6 జోన్లు, 30 సర్కిళ్లు, 150 వార్డులు ఉండేవి. సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఊరి మధ్యలోనే ఉన్నా ఇందులోకి రాదు. దానికి వేరే బోర్డు, పైన రక్షణ శాఖ. 2020లో మొత్తం ఓటర్లు దాదాపు 74 లక్షలు కాబట్టి వార్డుకి యాభై వేల చొప్పున పడేది. అంటే ఒక్కో కార్పొరేటర్ చేతిలో మన అమలాపురం పట్టణమంత ఉండేదన్నమాట. చేతిలో అంటే మరీ చేతిలో కాదులెండి. మేయర్ కౌన్సిల్ మీటింగ్ నడుపుతారు, రోజువారీ పని నడిపేది ప్రభుత్వం వేసిన కమిషనర్. కార్పొరేటర్ బలమల్లా ఏ పనికి ఏ ఇంజినీర్‌ని పట్టుకోవాలో తెలియడం, ఆయన ఫోన్ చేస్తే అవతలివాళ్లు ఎత్తడం.

ఆ బలం ఎలా ఉంటుందో మధ్యాహ్నమే చూశా. ఎదురు ఫ్లాట్ ఆంటీ జలమండలిలో కంప్లయింట్ పెట్టి, నంబర్ రాసుకుని, దాంతోపాటు కార్పొరేటర్ ఆఫీసుకి ఓ ఫోన్ కొట్టారు. మూడింటికల్లా ఎయిర్‌టెక్ బండి వచ్చింది. థాంక్స్ చెబుదామని వెళ్తే, "నీ ఓటు ఇక్కడేనా బాబూ?" అన్నారు.

"కాదాంటీ, రాజమండ్రి."

"అదే మరి. మీ కుర్రాళ్లంతా అంతే" అని తలుపేసుకున్నారు.

కోపంగా కాదు, మామూలుగానే అన్నారు. అయినా గుచ్చుకుంది. 2020 డిసెంబరు 1న ఇక్కడ పోలింగ్ జరుగుతుంటే నేను లాక్‌డౌన్ పుణ్యమా అని రాజమండ్రిలో అమ్మ వేసిన పెసరట్టు తింటూ టీవీ చూశా. 46.55 శాతమే పడ్డాయని తెలిసి, హైదరాబాద్ జనానికి బాధ్యత లేదని నాన్నతో పెద్ద లెక్చర్ కూడా ఇచ్చా. ఆ ఊళ్లో అద్దె కట్టేది, నీళ్లు తాగేది, చెత్త పడేసేది నేనే. లిస్టులో మాత్రం లేను.

పోనీ ఓటున్న ఊళ్లో ఏమైనా వెలగబెడుతున్నామా అంటే, అక్కడి కథ ఇంకోలా ఉంది. రాజమండ్రి కార్పొరేషన్‌కి చివరిసారి ఎన్నికలు 2014లో, 50 డివిజన్లకి. పాలకవర్గం గడువు 2019లో అయిపోయింది. అప్పట్నుంచీ ప్రత్యేకాధికారి పాలనే. చుట్టుపక్కల పంచాయతీల విలీనం, కోర్టు కేసులు అని ఆగిపోయింది. 2021 మార్చిలో రాష్ట్రంలో 12 కార్పొరేషన్లకి ఎన్నికలు జరిగితే మనది అందులో లేదు. రాజ్యాంగం 74వ సవరణ ప్రకారం ఐదేళ్ల గడువు తీరేలోపే కొత్త ఎన్నిక పూర్తవ్వాలి. 2022 నాటికే మూడేళ్లు దాటింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక మన ఊరు జిల్లా కేంద్రమైంది, కలెక్టర్ ఆఫీసు కోసం కాకినాడ బస్సెక్కే బాధ తప్పింది. సంతోషమే. దానవాయిపేటలో మా వీధి కాలువ గురించి అడగడానికి గెలిచిన మనిషంటూ ఒకరు లేరు, అంతే.

"సచివాలయం ఉంది కదా నాన్నా, వలంటీరు వస్తున్నాడుగా?" అన్నా ఫోన్‌లో.

"వస్తున్నాడ్రా, మంచి కుర్రోడు, రాసుకుంటాడు. కార్పొరేటర్నయితే టీ కొట్టు దగ్గర నలుగురి ముందూ నిలదీసేవాణ్ణి. ఈ కుర్రోణ్ణి ఏం నిలదీస్తాం? వాడికి మనం ఓటేశామా?"

ఇదే మంచి టైమనుకుని, ఓటు హైదరాబాద్ మార్చుకుంటానని చెప్పా. కాసేపు మాట్లాడలేదు. "రేపు ఇక్కడ ఎలక్షన్ పెడితే?" అన్నారు. ఎప్పుడు పెడతారని అడిగితే, "పెట్టకపోతారా" అన్నారు. మూడేళ్లుగా ఆయన ఇదే మాట మీద ఉన్నారు.

2022 ఆగస్టు నుంచి ఇల్లు మారినవాళ్లకి ఫారం 8. అప్పటికి ఓటర్ హెల్ప్‌లైన్ యాప్‌లోనే నింపే వీలుండేది. మున్సిపల్ ఓటర్ల జాబితా కూడా అసెంబ్లీ జాబితా నుంచే తయారవుతుంది కాబట్టి ఇదొక్కటి చేస్తే చాలు. నిన్న రాత్రి తెరిచా. జిల్లా దగ్గర అలవాటుగా హైదరాబాద్ నొక్కా, కూకట్‌పల్లి దొరకలేదు. నాలుక్కరుచుకుని వెనక్కెళ్లి మేడ్చల్-మల్కాజిగిరి పెట్టా. అద్దె అగ్రిమెంట్ ఫొటో కూడా తీసి పెట్టుకున్నా.

సబ్మిట్ దగ్గర ఉండగా నాన్న మెసేజ్ వచ్చింది: "దసరాకి వస్తావు కదా, అప్పుడు మాట్లాడుకుందాం. తొందరపడకు." ఫోన్ పక్కన పెట్టేశా. ఫారం ఇంకా అక్కడే ఉంది.